మచ్చల పళ్ళున్న పిల్ల పళ్ళ డాక్టరు అవ్వొచ్చా?

ప్రశ్న: మేడమ్, మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ దగ్గర ఒక ఊరు. నాయిన ట్రాలీ ఆటో నడుపుతాడు, అమ్మ పత్తి ఏరడానికి, ఉపాధి పనికి పోతుంది. మా ఇంట్లోనే కాదు, రెండు వైపుల చుట్టాల్లో కూడా కాలేజీ గడప తొక్కిన మొదటిదాన్ని నేనే. గురుకులంలో బైపీసీ చదివి, ఒక ఏడాది నీట్ లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకున్నా. ఎంబీబీఎస్ రాలేదు. ఒక ప్రైవేటు డెంటల్ కాలేజీలో కన్వీనర్ కోటాలో బీడీఎస్ సీటు వచ్చింది. అయిదు రోజుల్లో రిపోర్ట్ చెయ్యాలి. మేనమామ ‘పళ్ళ డాక్టరు అసలు డాక్టరే కాదు, ఇంకో ఏడు కూర్చో’ అంటున్నాడు. ఇంకొకాయన నర్సింగ్ చేస్తే వెంటనే ఉద్యోగం అంటున్నాడు. నాయిన మాత్రం ‘నువ్వు ఏదంటే అది, కావాలంటే మూడెకరాల చెలక అమ్ముతా’ అంటున్నాడు. నాకు అదే ఎక్కువ టెన్షన్. తమ్ముడు పదో తరగతి. ఇంకో మాట, అడగడానికి సిగ్గుగా ఉంది. చిన్నప్పుడు బోరు నీళ్ళు తాగి నా పళ్ళన్నీ గోధుమరంగు మచ్చలే. ఇట్లాంటి పళ్ళున్నదాన్ని పళ్ళ డాక్టరునైతే పేషెంట్లు నవ్వరా?

సమాధానం: చెల్లీ, మేడమ్ వద్దు, అక్కా అను చాలు. టైము తక్కువుంది కాబట్టి ముందు జవాబు చెప్పేస్తా, తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. చేరు. కన్వీనర్ సీటు, అంటే ర్యాంకు మీద ప్రభుత్వం నిర్ణయించిన ఫీజుకు వచ్చిన సీటు కాబట్టే చేరమంటున్నా. ఇదే సీటు మేనేజ్‌మెంట్ కోటాలో, మూడెకరాల చెలక అమ్మి కొనుక్కునేదైతే వద్దనేదాన్ని.

నేనెవరో కాస్త చెప్పాలి, లేకపోతే ఈ మాటలకు విలువుండదు. మాది సిరిసిల్ల. బాపు సాంచాలు (మరమగ్గాలు) నడిపేవాడు, అమ్మ బీడీలు చేసేది. నేను 2005లో బీడీఎస్‌లో చేరా, అప్పుడు నీట్ లేదు, ఎంసెట్. మా ఇంట్లో కాలేజీకి పోయినవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి ఫారంలో ‘తండ్రి వృత్తి’ అన్న గడి దగ్గర ఏం రాయాలో తెలియక చాలాసేపు పెన్ను పట్టుకుని నిలబడ్డా. పక్కనున్న అమ్మాయి ‘బిజినెస్’ అని రాసింది కదా అని నేనూ ‘బిజినెస్’ అని రాసేశా. తర్వాత స్కాలర్‌షిప్ క్లర్కు ఆ గడి చూసి ‘బిజినెస్ ఉన్నోళ్ళకు ఆదాయ సర్టిఫికెట్ ఎట్లిచ్చిండ్రు’ అని నిలదీశాడు. దాన్ని సరిచేయించుకోవడానికి మూడు వారాలు తిరిగా. నువ్వు మాత్రం ‘ఆటో డ్రైవర్’ అని ఉన్నదున్నట్టు రాయి. సిగ్గు మాట తర్వాత, ముందు కాగితాలు ఒకదానికొకటి కలవాలి.

ఇప్పుడు మీ మేనమామ మాట. పళ్ళ డాక్టరు అసలు డాక్టరు కాదన్నది ఆయన ఒక్కడి మాటేం కాదు, నేను ఇరవై ఏళ్ళుగా వింటున్నా. మా పెళ్ళి చూపుల్లో కూడా విన్నా. బీడీఎస్ నాలుగేళ్ళ చదువు, ఆ పైన ఏడాది ఇంటర్న్‌షిప్, మొత్తం అయిదేళ్ళు. మొదటి ఏడాది ఎంబీబీఎస్ వాళ్ళలాగే అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. రెండో ఏడు పాథాలజీ, మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ. మూడో ఏడు జనరల్ మెడిసిన్, జనరల్ సర్జరీ కూడా ఉంటాయి, ఆస్పత్రి వార్డులకు పోవాలి. బీపీ, షుగరు తెలియకుండా పన్ను పీకితే రక్తం ఆగదు, పుండు మానదు, మరి అది డాక్టరు పని కాక ఏమిటి. నీ దగ్గరకు వచ్చే పేషెంట్లలో సగం మంది ‘పై పన్ను పీకితే కంటిచూపు పోతుందట కదా’ అని అడుగుతారు. అది నిజం కాదని రోజుకు నాలుగుసార్లు ఓపిగ్గా చెప్పాలి, నేను ఇవాళ కూడా చెప్పి వచ్చా.

నర్సింగ్ అన్నాయన చెప్పింది తప్పేం కాదు. ఇంటికి నాలుగేళ్ళలో జీతం రాకపోతే గడవని పరిస్థితైతే ఆయన మాటే సరి, అందులో తక్కువతనం ఏమీ లేదు. మీ నాయిన ఆటో నడుస్తోంది, అమ్మకు పని దొరుకుతోంది, తమ్ముడికి ఇంకా రెండేళ్ళు ఇంటర్ ఉంది కాబట్టి అంత తొందర లేదనుకుంటున్నా. ఉంటే మాత్రం ఈ ఉత్తరం ఇక్కడితో మడిచెయ్యి.

ఇంకో ఏడు లాంగ్ టర్మ్ సంగతి నువ్వే తేల్చుకోవాలి, ఎందుకంటే నీ మార్కులు ఎన్నో రాయలేదు. నేనైతే ఇట్లా చూస్తా. 720కి నీకొచ్చిన మార్కులకూ నీ కేటగిరీలో ఈసారి చివరి ఎంబీబీఎస్ కన్వీనర్ సీటు వచ్చినవాళ్ళ మార్కులకూ మధ్య ఇరవయ్యో పాతికో తేడా ఉంటే, అదీ పరీక్ష రోజు జ్వరమో ఓఎంఆర్ తప్పో జరిగి ఉంటే, ఆలోచించొచ్చు. తేడా అరవై, డెబ్బై ఉంటే మళ్ళీ అదే హాస్టల్లో అదే మెటీరియల్ తిరగెయ్యడానికి ఇంట్లోవాళ్ళ చేత ఇంకో లక్ష ఖర్చు పెట్టించకు. ఇక ఇక్కడ చేరి లోపల్లోపల నీట్ చదువుతా అంటావేమో, మా జూనియర్లు చాలామంది ఆ రెండు పడవల ప్రయాణం చేశారు, ఫస్ట్ ఇయర్ అనాటమీ తప్పి, నీట్‌లోనూ రాక, రెంటికీ చెడినవాళ్ళే ఎక్కువ. అదీగాక చివరి విడత కౌన్సెలింగ్ దాటాక సీటు వదిలేస్తే యూనివర్సిటీకి జరిమానా కట్టాలి, అప్పటిదాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు చేతికి రావు. కాళోజీ యూనివర్సిటీ నోటిఫికేషన్‌లో ఆ పేరా ఎక్కడుందో వెతికి, మీ నాయినకు తెలుగులో చదివి వినిపించు. సంతకం పెట్టేది ఆయన కూడా కదా.

డబ్బు దగ్గరకొద్దాం, ఇదే పెద్ద ముచ్చట. ప్రభుత్వ డెంటల్ కాలేజీలు మన రెండు రాష్ట్రాల్లో వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్, విజయవాడ, కడప. వాటిల్లో ఫీజు భయం పెద్దగా ఉండదు. ఆ కాలేజీల్లో రానివాళ్ళకు నీలాగా ప్రైవేటులో కన్వీనర్ సీటు. ఇక్కడ ఈపాస్‌లో, అంటే స్కాలర్‌షిప్‌ల ప్రభుత్వ వెబ్‌సైట్‌లో, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు పెట్టుకో. ఇంటి ఆదాయం మీ కేటగిరీకి పెట్టిన పరిమితి లోపు ఉండాలి, ఈ ఏటి లెక్క ఎంతో అక్కడే చూసుకో. ఆదాయ సర్టిఫికెట్ మీసేవలో ఈ వారమే తీసుకో, పాతది పెట్టి ‘నడుస్తదిలే’ అనుకోకు. ప్రతి ఏడూ రెన్యువల్ చేసుకోవాలి, హాజరు 75 శాతం ఉండాలి. ఇవన్నీ ఎవరో ఒకరు గుర్తు చేస్తారులే అనుకుంటావు, ఎవరూ చెయ్యరు. నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటిస్తారు, దాని మీద ఫ్రెషర్స్ పార్టీ పోస్టరు అంటిస్తారు, అంతే.

ఇందులో ఒక మెలిక ఉంది. రీయింబర్స్‌మెంట్‌లో వచ్చేది ట్యూషన్ ఫీజు, దానితోపాటు మెయింటెనెన్స్ కింద కొంత. పరీక్ష ఫీజులు, ఆప్రాన్లు, పుస్తకాలు, ముఖ్యంగా పరికరాలు నీ జేబులోంచే. డెంటల్‌లో ప్రతి ఏడాదీ ఒక లిస్టు ఇస్తారు, మైనం చెక్కే కత్తులు, ప్లాస్టర్ కలిపే రబ్బరు గిన్నె, ఇంప్రెషన్ ట్రేలు, పై దవడ, కింది దవడ అచ్చులు బిగించి చూసే ఆర్టిక్యులేటర్, పన్ను పీకే ఫోర్సెప్స్, మిర్రర్లు, ప్రోబులు. కొత్తవి కొంటే నడ్డి విరుగుతుంది. సీనియర్ల దగ్గర సగం ధరకు, ఒక్కోసారి ఊరికే దొరుకుతాయి. కాలేజీలో మొదటి రోజు నువ్వు చెయ్యాల్సిన పని క్లాసులో ముందు బెంచీ వెతుక్కోవడం కాదు, లిస్టు పట్టుకుని థర్డ్ ఇయర్ అమ్మాయిల గదికి పోవడం. ఇంకోటి, రీయింబర్స్‌మెంట్ డబ్బులు ప్రభుత్వం నుంచి ఆలస్యంగా వస్తాయి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి. చదువు అయిపోయాక ‘బకాయి మీరు కట్టండి, వచ్చాక ఇస్తాం’ అని సర్టిఫికెట్లు ఆపే చోట్లు ఉన్నాయి. మేమూ ఆ క్యూలో నిలబడ్డాం. కాబట్టి ఇంటర్న్‌షిప్‌లో వచ్చే స్టైపెండ్‌లో సగం ముట్టుకోకుండా దాచుకో.

చెలక అమ్మొద్దని నాయినకు చెప్పు. కావాలంటే నా మాటగా చెప్పు. మిగతా ఖర్చులకు బ్యాంకులో చదువు అప్పు తీసుకోవచ్చు. 7.5 లక్షల దాకా ప్రభుత్వ క్రెడిట్ గ్యారంటీ ఉంటుంది కాబట్టి భూమి కాగితాలు తాకట్టు పెట్టమని అడగకూడదు. అడిగితే మేనేజర్‌తో ఆ గ్యారంటీ పథకం పేరు ఎత్తి మాట్లాడు, గొంతు తగ్గించకు. చదువు అయ్యాక ఇంకో ఏడాది గడువు ఇచ్చి ఆ తర్వాతే కిస్తీలు మొదలవుతాయి. కానీ వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే లెక్కలో ఉంటుంది, వడ్డీ సబ్సిడీ నీకు వస్తుందో లేదో అదే రోజు రాతలో అడుగు. అయిదేళ్ళలో నీకు నిజంగా అవసరమయ్యేది తీసుకో, బ్యాంకు ఇస్తానన్నదంతా కాదు. అప్పు ఎప్పుడో ఒకప్పుడు తీరుతుంది. చెలక ఒకసారి పోతే మీ తమ్ముడి పెళ్ళి నాటికి కూడా తిరిగి కొనలేరు, మీ వైపు ఇప్పుడు భూమి రేట్లు నీకే తెలుసు.

ఇక చదువు. నీకు ఎవరూ చెప్పని సంగతి ఒకటి చెప్తా. బీడీఎస్ సగం చదువు, సగం చేతిపని. ఫస్ట్ ఇయర్‌లో డెంటల్ అనాటమీ ల్యాబ్ ఉంటుంది, చేతిలో మైనపు దిమ్మె పెట్టి పన్ను చెక్కమంటారు. పైవరస ముందు పన్ను, కిరీటం పొడవు 10.5 మిల్లీమీటర్లు, వెడల్పు 8.5. వినడానికి ఏముంది అనిపిస్తుంది. మొదటి రోజు నా పక్క అమ్మాయి, పాపం ఎంసెట్‌లో నాకంటే ఎంతో మంచి ర్యాంకు, మూడు దిమ్మెలు విరగ్గొట్టి ఏడ్చింది. నేను చెక్కుతూ పోయా. మేడమ్ వచ్చి నా పన్నును కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూసి ‘మీ ఇంట్లో కంసాలి పని ఉందా’ అని అడిగారు. లేదన్నా. ఎనిమిదో తరగతి నుంచి అమ్మ పక్కన కూర్చుని బీడీలు చేశానని చెప్పలేదు. తునికాకు తడిపి, రేకు పెట్టి కత్తిరించి, తంబాకు పోసి చుట్టడం ఎవరికైనా వస్తుంది, మూతి మడవడంలోనే ఉంది పనంతా, వేలి కొసతో ఆకు చిరగకుండా లోపలికి నొక్కాలి, రోజుకు వెయ్యి బీడీలకు వెయ్యిసార్లు. ఆ వేళ్ళు నాకు తెలియకుండానే తయారై ఉన్నాయి. ఇంటికొచ్చి అమ్మకు ఆ మైనం పన్ను చూపిస్తే ‘దీనికి ఎంతిస్తరు బిడ్డా’ అంది. వంద బీడీలకు ఎంతో, పన్నుకు ఎంతో, ఆమె లెక్క ఆమెది.

నువ్వు పత్తి ఏరావో లేదో తెలియదు, ఏరే ఉంటావు. కాయ పొట్టు గుచ్చుకోకుండా మూడు వేళ్ళతో లాగడం వచ్చినదానికి ఫోర్సెప్స్ పట్టుకోవడం కష్టం కాదు. ఏ పల్లె పిల్లైనా చేతిపని చేసినదే, ఎగ్జామినర్లు చూసేదీ ఆ చేతినే.

ఇంగ్లీషు గురించి నువ్వు అడగలేదు కానీ భయం ఉండే ఉంటుంది. గురుకులంలో ఇంగ్లీషు మీడియమే అయినా, వైవాలో కాన్వెంటు పిల్లలు గడగడా మాట్లాడుతుంటే నోరు పెగలదు. ఒకటి గుర్తుపెట్టుకో, మీసియల్, డిస్టల్, బక్కల్, లింగ్వల్, అక్లూజల్ అనే మాటలు వాళ్ళ ఇంట్లోనూ ఎవరూ మాట్లాడరు. అవి వాళ్ళకూ ఆ రోజే కొత్త. నేను ఆ మాటలన్నీ ఒక చిన్న నోటుబుక్కులో తెలుగు అర్థంతో రాసుకున్నా. పన్ను ఏ వైపు బుగ్గ, ఏ వైపు నాలుక, అంతే కదా. రెండు నెలల్లో అందరిదీ ఒకే వరస అయిపోతుంది. వైవాలో తెలిసిన జవాబును చిన్న చిన్న వాక్యాల్లో చెప్పు, వ్యాకరణానికి మార్కులు లేవు.

సెకండ్ ఇయర్‌లో ఒక వింత ఉంటుంది, ముందే చెప్తే భయపడవు. ప్రాక్టీసుకు పీకిన పళ్ళు కావాలి. ఎక్కడ దొరుకుతాయి? నలుగురం కలిసి మూత ఉన్న సీసా ఒకటి పట్టుకుని, ఊళ్ళో ఉన్న డెంటల్ క్లినిక్‌లన్నీ తిరిగేవాళ్ళం. ‘సార్, పీకిన పళ్ళుంటే ఇస్తారా’ అని. కొంతమంది డాక్టర్లు మన కోసమే డబ్బాలో దాచిపెట్టేవాళ్ళు, కొంతమంది తలుపు దగ్గరే పంపించేసేవాళ్ళు. ఒకాయన మాత్రం లోపలికి పిలిచి, టీ తెప్పించి, పళ్ళ డబ్బా బల్ల మీద ఒలకబోసి ఒక్కోదాన్నీ చూపిస్తూ ‘ఇది ఎందుకు పీకానో చెప్పు’ అని అడిగాడు. ఆ గంటలో నేర్చుకున్నది ఏడాది మొత్తంలో నేర్చుకోలేదంటే నమ్ము. తర్వాత సెలవులు వచ్చినప్పుడల్లా ఆయన క్లినిక్‌లో పోయి ఊరికే నిలబడేదాన్ని, సక్షన్ పట్టుకునేదాన్ని. నాకు చదువు చెప్పగల మనిషి మా చుట్టాల్లో ఒక్కరూ లేరు, అక్కడ దొరికాడు.

మన ఇళ్ళల్లో లేనిది అదేనమ్మా. తెలివి, కష్టపడే గుణం ఉన్నాయి, డబ్బు ఎట్లాగో తిప్పలు పడతాం. మనకు లేనిది అడగడానికి ఒక మనిషి. డాక్టర్ల పిల్లలకు రాత్రి భోజనం దగ్గర తెలిసిపోయే సంగతులు, ఏ డిపార్ట్‌మెంట్‌లో ఇంటర్నల్స్ ఎట్లా వేస్తారు, ఏ ఫారం ఎప్పుడు, ఎవరి దగ్గర లాగ్‌బుక్ సంతకం ముందు పెట్టించుకోవాలి, ఇవి మనం అడిగితే తప్ప తెలియవు. అడిగితే చిన్నచూపు చూస్తారేమోనని నేను మొదటి ఏడాదంతా నోరు మూసుకుని, ఫిజియాలజీ ఇంటర్నల్ రికార్డు ఆలస్యంగా పెట్టి మార్కులు పోగొట్టుకున్నా. చూస్తే చూడనీ. ఒక సీనియర్ అక్కను, ఒక లెక్చరర్‌ను, ఆఫీసులో ఒక క్లర్కును, ఈ ముగ్గురినీ మొదటి నెలలోనే పరిచయం చేసుకో. క్లర్కును అసలు మర్చిపోకు.

ఫైనల్ ఇయర్ ఎనిమిది సబ్జెక్టులు, ఆపైన కోటా. కోటా అంటే రిజర్వేషన్ కాదు, ఇన్ని పళ్ళు పీకాలి, ఇన్ని ఫిల్లింగులు, ఇన్ని కట్టుడు పళ్ళ సెట్లు చెయ్యాలని లెక్క. పేషెంట్లు దొరక్క పిల్లలు నానా తంటాలు పడతారు, బస్సు చార్జీలిచ్చి తెచ్చుకుంటారు. పట్నం పిల్లల కంటే నీకు ఇక్కడ ఒక పైచేయి ఉంది, మీ ఊరు ఉంది. నేను కట్టుడు పళ్ళ కోసం మా వాడకట్టు ముసలామెను తీసుకుపోయా, నోట్లో ఒక్క పన్ను లేదు. అచ్చు తీసిన రోజు, దవడ కొలతల రోజు, మైనంలో పళ్ళు పేర్చి పెట్టి చూసిన రోజు, చివరికి ఇచ్చిన రోజు, మధ్యలో ఒకసారి ప్లాస్టర్ పగిలి మళ్ళీ మొదటి నుంచి, మొత్తం ఆరు రాకపోకలు. ఆమె సెట్టు పెట్టుకుని అద్దంలో కాసేపు చూసుకుని అడిగిన మొదటి ప్రశ్న ‘సకినాలు తినొచ్చా’ అని. వద్దవ్వా, మెత్తటివి తిను, కొన్నాళ్ళు అలవాటు పడాలి అని చెప్పా. సంక్రాంతికి పోతే వసారాలో కూర్చుని సకినాలే నములుతోంది, సెట్టు మాత్రం డబ్బాలో ఉంది, చిగుళ్ళతోనే. ‘ఫొటో దిగేటప్పుడు పెట్టుకుంట బిడ్డా’ అంది. నాకు మాత్రం ఆ సెట్టుకు మంచి మార్కులే వచ్చాయి.

ఇక నీకు నచ్చని భాగం. చదువు అయ్యాక రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేయించుకుని పని వెతుక్కుంటే, పట్నంలో కొత్త బీడీఎస్‌కు ఇచ్చే జీతం 15 వేలు, 20 వేలు. నా దగ్గర పని అడిగే పిల్లలకు నేనూ అంతే ఇస్తున్నా, ఎక్కువ ఇవ్వాలని ఉన్నా చిన్న ఊరి క్లినిక్‌లో రూట్ కెనాల్‌కు 3 వేలంటేనే బేరమాడతారు. నాకు మొదటి జీతం 6 వేలు, అదే నెల మా క్లాసులో ఇంజనీరింగుకు పోయిన పిల్ల 25 వేలు తీసుకుందని విని రెండు రోజులు అన్నం సయించలేదు. ఈ వృత్తిలో డబ్బు ఆలస్యంగా వస్తుంది. ఏడెనిమిదేళ్ళ లెక్క వేసుకో, అయిదేళ్ళ లెక్క కాదు. 24 ఏళ్ళకు సంపాదన మొదలు, 28, 30 దాటాక సొంత కుర్చీ. ఇంట్లో ఈ లెక్క ఇప్పుడే చెప్పి పెట్టు, లేకపోతే ఇంటర్న్‌షిప్ అయిన మర్నాడే ‘డాక్టరమ్మ ఇంకా పైసలు పంపదేంది’ అని మొదలవుతుంది. అది వేరే నరకం.

దారులు మాత్రం ఉన్నాయి. ఎండీఎస్, అంటే పళ్ళ వైద్యంలో పీజీ, మూడేళ్ళు, నీట్ ఎండీఎస్ రాయాలి, 240 ప్రశ్నలు, 960 మార్కులు. కన్వీనర్ సీటు వస్తే తప్పక చెయ్యి, లక్షలు పోసి సీటు కొనే పని పెట్టుకోకు, ఆ డబ్బుతో రెండు క్లినిక్‌లు వస్తాయి. ప్రభుత్వంలో డెంటల్ అసిస్టెంట్ సర్జన్ పోస్టులు పడతాయి కానీ తక్కువ, వాటి మీదే ఆశ పెట్టుకుని కూర్చోకు. ఆర్మీ డెంటల్ కోర్ గురించి మన వైపు పిల్లలకు తెలియదు, దానికి కూడా నీట్ ఎండీఎస్ స్కోరే చూస్తారు. అమెరికా అంటావా, మన డిగ్రీతో అక్కడ నేరుగా ప్రాక్టీసు చెయ్యనివ్వరు, ఐఎన్‌బీడీఈ అనే అక్కడి డెంటల్ బోర్డు పరీక్ష రాసి, మళ్ళీ రెండు మూడేళ్ళు అక్కడి కాలేజీలో చదవాలి, ఖర్చు కోటి దాటుతుంది. మన తెలుగు డెంటిస్టులు చాలామంది వెళ్ళారు, కొంతమంది డెంటల్ వదిలేసి పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్ చేసి సాఫ్ట్‌వేర్ వైపు తేలారు. ఇప్పటి నుంచే దాని గురించి ఆలోచించకు. ముందు మైనం చెక్కు.

సొంత క్లినిక్ నేను 2014లో పెట్టా, సెకండ్ హ్యాండ్ కుర్చీతో, మా ఊరి బస్టాండు వెనక మందుల షాపు పైన. మొదటి నెల పదకొండు మంది వచ్చారు. అందులో నలుగురు చుట్టాలు, డబ్బులివ్వలేదు. ఇప్పుడు ఆదివారం కూడా మూసెయ్యలేకపోతున్నా. పళ్ళ డాక్టర్లు ఎక్కువైపోయారు అనేది పట్నాల మాట. మీ మర్రిగూడలో నొప్పి పుడితే ఎంత దూరం పోతున్నారో నువ్వే లెక్కపెట్టుకో.

ఇప్పుడు నీ పళ్ళు. దీన్ని చివరికి పెట్టింది చిన్న విషయమని కాదు. ఆ మచ్చలు నువ్వు తోముకోకపోవడం వల్ల వచ్చినవి కావు, అది ముందు నీ మనసుకు పట్టించుకో. దవడలో పన్ను తయారయ్యే వయసులో, అంటే పుట్టినప్పటి నుంచి దాదాపు ఎనిమిదేళ్ళ దాకా, తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువుంటే ఎనామెల్ సరిగ్గా గట్టిపడదు. పన్ను బయటికొచ్చాక ఆ గుల్లదనంలోకి రంగు ఎక్కుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం, మీ వైపు బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. భగీరథ నీళ్ళు వచ్చాక పుట్టిన పిల్లల పళ్ళు చూడు, తేడా తెలుస్తుంది. ఫైనల్ ఇయర్‌లో పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ అని సబ్జెక్టు ఉంది, అందులో ‘నల్లగొండ టెక్నిక్’ అని ప్రశ్న వస్తుంది, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి, నాగపూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ వాళ్ళు కనిపెట్టి మీ జిల్లా పేరు పెట్టారు. కేరళ పిల్లలు, గుజరాత్ పిల్లలు కూడా దాన్ని బట్టీ పడతారు. నీకు బట్టీ అక్కర్లేదు.

మచ్చలకు వైద్యం ఉంది. పైపైన ఉంటే మైక్రోఅబ్రేషన్ అని పల్చటి పొర అరగదీస్తారు, తర్వాత బ్లీచింగ్, లోతుగా ఉంటే పంటి రంగు కాంపోజిట్ పూతతోనో, వెనీర్లు అనే పల్చటి పెంకులతోనో కప్పుతారు. నీ కాలేజీలోనే పీజీలు చేస్తారు, బయట అయ్యే దాంట్లో చాలా తక్కువకు. థర్డ్ ఇయర్ దాకా ఆగు, అప్పటికి నువ్వే ఏది కావాలో చెప్పగలుగుతావు. లేదా అట్లాగే ఉంచుకో. నవ్వేవాళ్ళు ఒకరిద్దరు ఉంటారు, అబద్ధం చెప్పను. కానీ నా దగ్గరకు అచ్చం నీలాంటి పళ్ళతో వచ్చే ఆడపిల్లలు చున్నీ అడ్డం పెట్టుకుని మాట్లాడతారు, కుర్చీలో పడుకున్నాక కూడా నోరు సగమే తెరుస్తారు. నా తెల్ల పళ్ళు చూసి ఇంకా ముడుచుకుంటారు. నీ ముందు తెరుస్తారు.

సరే, వెళ్ళే ముందు పని చూసుకో. అలాట్‌మెంట్ లెటరు డౌన్‌లోడ్ చేసుకుని రెండు ప్రింట్లు తీయి. పది మెమో, ఇంటర్ మెమో, నీట్ ర్యాంక్ కార్డు, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం, ఆధార్, అన్నీ ఇచ్చేసే ముందే స్కాన్ చేయించి నీ మెయిల్‌కు నువ్వే పంపుకో, పది సెట్ల జిరాక్సులు పెట్టుకో, ఒరిజినల్స్ అయిదేళ్ళు నీ దగ్గర ఉండవు. ఇచ్చినవాటికి రసీదు అడుగు. నాయినను వెంట తీసుకుపో, ఆయన ఏం మాట్లాడకపోయినా సరే, కాలేజీ ఒకసారి ఆయన కళ్ళతో చూడాలి. పాత చెప్పులు, కొత్త చొక్కా, ఏదైతే ఏం, బయట చెట్టు కింద కాదు, లోపల కుర్చీలో కూర్చోబెట్టు. మా బాపు రోజంతా గేటు బయటే నిలబడ్డాడు, నాకు ఆ రోజు తట్టలేదు.

నా పాత ఆర్టిక్యులేటర్ అటక మీద ఉంది, స్క్రూ ఒకటి వదులు, మిగతాదంతా బాగానే పనిచేస్తుంది. చేరాక హాస్టల్ అడ్రస్ రాయి, మైనం కత్తులు కూడా కలిపి పార్శిల్ చేస్తా.